పరిగెత్తలేని పగ్‌కి రోజంతా ఏం పని పెట్టాలి?

బల్లార్షా నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. భర్తది బొగ్గు గనిలో ఉద్యోగం, షిఫ్టులు మారుతుంటాయి. ఆమె బజారులో ఒక టైలరింగ్ షాపులో బ్లౌజులు కుడతారు, పొద్దున పదిన్నరకి వెళితే మళ్ళీ ఇల్లు చేరేది సాయంత్రం ఆరింటికే. ఇంట్లో అత్తమ్మ ఉంటారు. ఒక్కడే కొడుకు, పోయినేడాది ఇంజనీరింగ్ చదవడానికి పుణె వెళ్ళాడు. వెళుతూ తను ప్రాణంగా పెంచుకున్న 4 ఏళ్ళ పగ్ కుక్కని అమ్మకి అప్పజెప్పి వెళ్ళాడు. దాని పేరు గోలూ.

కష్టాలు అప్పటినుంచే అంటారామె. మొదట చెప్పులు కొరికాడు, తర్వాత వరండాలో ఉన్న పాత పరుపు చింపాడు, మొన్న రాత్రి కుట్టడానికి ఇంటికి తెచ్చుకున్న ఒక కస్టమర్ పట్టు బ్లౌజు ముక్క నమిలేశాడు, దానికి ఆమె డబ్బులు కట్టాల్సి వచ్చింది. ఆమె గేటు దాటగానే గోలూ ఏడుపు మొదలుపెడతాడని పక్క క్వార్టర్స్ వాళ్ళ ఫిర్యాదు. అత్తమ్మకి పూజ, మడి ఉన్నాయి, కుక్క ఇంట్లో తిరగడం ఆమెకి ఇష్టం లేదు, అందుకే కోడలు లేనంతసేపూ వాణ్ణి ముందు వరండాలో కట్టేస్తారు. అలాగని ఆవిడకి వాడంటే కోపమేమీ లేదు, చేతికందిన చపాతీ ముక్కా, టీలో ముంచిన బిస్కెట్టూ విసురుతూనే ఉంటారు. గోలూ ఇప్పుడు 11 కిలోలు. "ఒళ్ళు కదలక అల్లరి చేస్తున్నాడు, నాలుగు రౌండ్లు పరిగెత్తిస్తే వాడే పడుకుంటాడు" అని ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆమె భర్త గ్రౌండుకి తీసుకెళ్ళారు. నాలుక నీలంగా మారి, నోట్లోంచి తీగలు తీగలుగా చొంగ కారి, గోలూ కూలబడిపోయాడు. నీళ్ళు పోసి ఎలాగో దక్కించుకున్నారు. ఆ తర్వాత వాణ్ణి బయటికి తీసుకెళ్ళాలంటేనే ఇంట్లో అందరికీ భయం.

మంచిర్యాలలో ఉన్న మరిది, "మాకు పెద్ద ఇల్లుంది, ఇప్పటికే రెండు కుక్కలున్నాయి, పంపించు వదినా" అంటున్నాడు. షాపులో తోటి ఆవిడ ఇంకో పగ్‌ని తెచ్చి జత చేయమంటోంది. కొడుకేమో గోలూని ఎవరికైనా ఇస్తే దసరాకి ఇంటికి రానని ఫోన్‌లో అలిగాడు. ఉత్తరం చివర ఆమె రాసిన మాటలివి: "వాణ్ణి చూస్తే జాలేస్తుంది, నాకేమో తీరిక లేదు. బయటికి తీసుకెళ్ళలేను, ఇంట్లో ఉంచితే ఏం చేయించాలో తెలీదు. ఆన్‌లైన్‌లో బొమ్మలు చూస్తే ఒక్కోటి నా రెండు రోజుల కూలి. వాణ్ణి ఉంచుకుని పాపం చేస్తున్నానా?"

అమ్మా, మీరు పాపం చేయడం లేదు. జాలిపడి ఇంత వివరంగా రాసిన మనిషి చేతిలోనే ఆ కుక్క ఉంది. కానీ మీ ఉత్తరంలో మూడు వేరు వేరు సమస్యలు ముడిపడిపోయి ఒకటిగా కనిపిస్తున్నాయి. ఒకటి ఎండ, ఒకటి ఒంటరితనం, ఒకటి తోచకపోవడం. మూడింటికీ పరిగెత్తించడమే మందు అనుకోవడం వల్లే ఏప్రిల్‌లో అంత పని జరిగింది.

ముందు ఎండ సంగతి, ఎందుకంటే మిగతావి వారం ఆగినా పర్వాలేదు, ఇది ఆగదు. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చి ఒంట్లో వేడిని బయటికి పంపాలి. పగ్‌కి మూతి చదును, ముక్కు రంధ్రాలు సన్నం, లోపల అంగిలి మాత్రం మామూలు కుక్కకి ఉన్నంత పొడుగు, అది గాలి దారికి అడ్డం పడుతుంది. ఎంత వగర్చినా లోపలికి పోయే గాలి చాలదు, వగర్చే ఆ శ్రమకే ఇంకా వేడెక్కుతుంది. పైగా పగ్ బరువు 6 నుంచి 8 కిలోల మధ్య ఉండాలి, గోలూ 11 మోస్తున్నాడు. మేలో 45 డిగ్రీలు దాటే మీ చంద్రపూర్ జిల్లాలో సాయంత్రం ఆరింటికి కూడా నేల సెగలు కక్కుతుంటుంది. మీ ఆయన మంచి ఉద్దేశంతోనే తీసుకెళ్ళారు, ఆయన్ని తప్పుపట్టకండి, కానీ ఆ రోజు జరిగింది వడదెబ్బ. నీలం నాలుక అంటే ప్రాణం మీదికొచ్చిందని అర్థం.

ఇంకోసారి అలా అయితే, అవ్వకూడదు గానీ అయితే, నీడలోకి తెచ్చి మామూలు కుళాయి నీళ్ళు ఒళ్ళంతా పోస్తూ ఫ్యాను గాలి తగలనివ్వండి, తడి గుడ్డ కప్పేసి వదిలేయకండి, దాని కింద వేడి నిలిచిపోతుంది. కాస్త చల్లబడగానే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, లేచి నిలబడ్డాడు కదా అని ఊరుకోకూడదు, లోపలి అవయవాల దెబ్బ తర్వాత బయటపడుతుంది. అప్పుడు మీరు డాక్టరుకి చూపించారో లేదో ఉత్తరంలో లేదు. చూపించకపోతే ఈ వారమే చూపించండి. ఊపిరి, ముక్కు రంధ్రాలు, బరువు, పళ్ళు, నాలుగూ చూడమని అడగండి. పంటి నొప్పి ఉన్న కుక్క కూడా కనిపించినవన్నీ కొరుకుతుంది. నిద్రలో గురక బాగా ఎక్కువై మధ్యమధ్య ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తుంటే అది కూడా చెప్పండి, ముక్కు రంధ్రాలు వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది, అవసరమైతే నాగపూర్ వెటర్నరీ కాలేజీలో అడగొచ్చు. అందరికీ అవసరం పడదు. చాలా పగ్‌లకి బరువు తగ్గితేనే సగం బాధ తీరుతుంది.

ఇప్పుడు వరండా. మీకు కోపమొచ్చినా చెప్పాలి, మే నెల మధ్యాహ్నం వరండాలో కట్టేసిన పగ్‌కి ఎన్ని ఆటబొమ్మలిచ్చినా లాభం లేదు. వాడు కూలరున్న గదిలో ఉండాలి. అత్తమ్మతో గొడవపడమని కాదు, ఆవిడ మడికి మర్యాద ఇస్తూనే దారి వెతకొచ్చు. పూజగదికీ వంటింటికీ మోకాలెత్తు చెక్క అడ్డం పెట్టించండి, ఆ బరువుతో గోలూ దాన్ని దూకడం కష్టం. ముందు గదిలో కూలరుకి ఎదురుగా ఒక మూల, అక్కడ ఒక తడిపి పిండిన గోనెపట్టా, పక్కన నీళ్ళు, అంతవరకే వాడి రాజ్యం. ఇలా అడిగితే చాలామంది పెద్దవాళ్ళు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే, ఎండాకాలం మూడు నెలలైనా మధ్యాహ్నం పూట ఎదురింట్లోనో షాపులోనో చల్లటి చోటు చూడాల్సి వస్తుంది, అది మీకు ఇంకా కష్టం, ఆ మాట కూడా ఆవిడకి నెమ్మదిగా చెప్పండి. వానలు పడ్డాక కూలరు పని చేయదని మీకు తెలుసు, గాలిలో చెమ్మ ఉన్నప్పుడు వాడి వగర్పు కూడా అలాగే పని చేయదు. జూలైలో ఎండ లేదు కదా అని ఏమరొద్దు.

ఏడుపు సంగతికి వద్దాం. గోలూ మీరు వెళ్ళగానే ఏడుస్తున్నాడు, రాత్రి మీరు ఇంట్లో ఉన్నప్పుడు బ్లౌజు ముక్క నమిలాడు. రెండూ ఒకటి కాదు. మొదటిది మనుషుల కోసం, రెండోది తోచక. ఒక పాత ఫోన్‌లో వీడియో పెట్టి షాపుకి వెళ్ళిరండి. మొదటి అరగంట ఏడ్చి తర్వాత పడుకుంటే భయపడక్కర్లేదు, పెద్ద కుక్కలు రోజులో 12 నుంచి 14 గంటలు నిద్రపోతాయి, పడుకున్న ప్రతిసారీ వాడు దిగులుతో ఉన్నాడని అనుకోకండి. అదే మీరొచ్చేదాకా గేటు వైపే చూస్తూ, తిండి ముట్టకుండా, చొంగ కారుస్తూ తిరుగుతున్నాడంటే అది ఎడబాటు బెంగ. దానికి తిట్టడం, కొట్టడం అస్సలు పనికిరావు. చెప్పులేసుకుని బ్యాగు పట్టుకుని గేటుదాకా వెళ్ళి వెంటనే లోపలికి వచ్చేయండి. తర్వాత సందు చివరిదాకా. తర్వాత పది నిమిషాలు. వాడు ఏడవకముందే తిరిగి రావాలి, అదే కిటుకు. ఆదివారాలు చేయండి, నెల పట్టినా పట్టొచ్చు. మీ అబ్బాయిని ఉతకని టీషర్టు ఒకటి పంపమనండి, గోలూ పడకలో పెట్టండి.

పగ్‌లు చైనా రాజుల కొలువుల్లో ఒళ్ళో కూర్చోవడానికి పెంచిన జాతి. వేట తెలీదు, కాపలా తెలీదు, మనిషి వెంట ఉండటమే వాటి పని. 2003లో వచ్చిన హచ్ ఫోన్ ప్రకటన గుర్తుందా, అందులో పగ్ ఆ పిల్లాడి వెనకాలే తిరుగుతుంది చూడండి, అది ప్రకటన కోసం చేయించిందే అయినా, వాటి స్వభావమూ అంతే. ఆ ప్రకటన చూసి మన ఊళ్ళలో కూడా ఎందరో ముచ్చటపడి తెచ్చుకున్నారు, ఈ ఎండలకి అవి ఎలా ఊపిరి పీలుస్తాయో ఎవరూ చెప్పలేదు. నాకు ఈ విషయంలో బాధ ఉంది. కానీ ఆ స్వభావమే ఇప్పుడు మీకు కలిసొస్తుంది. పగ్ సంతోషం కాళ్ళల్లో లేదు. ముక్కుకీ, నాలుకకీ, నోటికీ పని పెట్టి, రోజులో కాసేపు మీ పక్కన ఉండనిస్తే దానికి చాలు. ఇవన్నీ కూలరు ముందే చేయించొచ్చు, బొమ్మలు కొనక్కర్లేదు.

గిన్నెలో తిండి పెట్టడం మానేయండి. ఇప్పుడు వాడు రోజు తిండి నిమిషంలో మింగేసి మిగిలిన రోజంతా ఖాళీగా ఉంటున్నాడు. డాక్టరు చెప్పిన కొలత ప్రకారం పొద్దున్నే డబ్బాలో తీసిపెట్టండి, ఆ డబ్బాలో ఉన్నదే రోజంతటికీ, పైన చపాతీ, బిస్కెట్టు ఏదీ లేదు. అందులో కొంత ఇడ్లీ ప్లేటు గుంటల్లో పోసి ఒక్కో గుంట మీద చిన్న స్టీలు గిన్నె బోర్లించండి. మూతితో తోసి, కాలితో గీకి తీసుకుంటాడు. మొదటిరోజు రెండు గుంటలే మూయండి, చేతకాక విసిగితే మళ్ళీ దాని దగ్గరికి రాడు. పాత తువ్వాలు పరిచి డబ్బాలోని తిండి గింజలు చల్లి చాపలా చుట్టి ఇవ్వండి, విప్పుకుని తింటాడు. తేలికవగానే మధ్యలో ఒక ముడి. ఒక అట్టపెట్టెలో నలిపిన న్యూస్‌పేపర్లు నింపి మధ్యలో తిండి దాచండి, పెట్టెకి పిన్నులూ టేపూ తీసేయండి. చింపనివ్వండి, చింపడమే వాడికి కావాల్సింది, పరుపు బదులు ఇది చింపుతాడు. కాగితం మింగే అలవాటు కనిపిస్తే మాత్రం ఈ ఆట మానేయాలి.

మీరు షాపుకి బయల్దేరే ముందు ఇవ్వడానికి ఒకటి విడిగా ఉంచండి. ఉప్పు లేని పెరుగు రెండు చెంచాలు, ఉడికించిన గుమ్మడికాయ లేదా చిలగడదుంప, చదునుగా ఉన్న ఒక స్టీలు పళ్ళానికి పూసి రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున బయట ఐదు నిమిషాలు ఉంచి ఇవ్వండి, లోహం మరీ గడ్డకట్టి ఉంటే నాలుక అతుక్కుంటుంది. పగ్ మూతి చదును కాబట్టి లోతు గిన్నెలూ, ఇరుకు గొట్టాల్లాంటి బొమ్మలూ దానికి పనికిరావు, పళ్ళెమే మేలు. నాకడం కుక్కల్ని నిమ్మళపరుస్తుంది. మీరు వెళ్ళేటప్పుడే అది వస్తుందని తెలిస్తే మీ చెప్పుల చప్పుడుకి భయం తగ్గుతుంది.

అత్తమ్మకి కూడా ఇందులో పనుంది, వాణ్ణి ముట్టుకోకుండానే. ఆవిడ మంచం మీద కూర్చుని డబ్బాలోంచి ఒక్కో గింజ గది నాలుగు మూలలకీ విసిరి "వెతుకు" అనాలి, అంతే. ఎలాగూ విసురుతున్నారు కదా, చపాతీ బదులు ఇది. టీ బిస్కెట్లు, చపాతీలు ఆపమంటే ఆవిడ మనసు కష్టపడుతుంది, ఆవిడ చేతికే ఆ డబ్బా ఇస్తే పెట్టే సంతోషం పోదు, బరువూ పెరగదు. కీర ముక్క, క్యారెట్ ముక్క, గింజ తీసిన పుచ్చకాయ అప్పుడప్పుడు వేయొచ్చు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర, కిస్‌మిస్, ద్రాక్ష, చాక్లెట్, ఉడికించిన ఎముక, ఇవి మాత్రం ఒక్క ముక్క కూడా వద్దని గట్టిగా చెప్పండి. మన కూరలన్నిట్లో ఉల్లి ఉంటుంది కాబట్టి కూర అద్దిన రొట్టె కూడా వద్దనే లెక్క.

సాయంత్రం మీరు వచ్చాక అరగంట ఇవ్వక్కర్లేదు. ఐదు నిమిషాలు, పొద్దున ఐదు. కూర్చో, ఆగు, నా చేతికి ముక్కు ఆనించు, బంతి తీసుకురా. ఒక్కో బొమ్మకి ఒక్కో పేరు నేర్పండి, 4 ఏళ్ళ కుక్క శుభ్రంగా నేర్చుకుంటుంది. తలుపు చాటున దాక్కుని పిలవండి, వెతుక్కుంటూ వస్తాడు. ఆలోచించి అలసిన కుక్క బాగా నిద్రపోతుంది. ఆటలో వగర్పు శబ్దం మారితే వెంటనే ఆపాలి. మీరు కుట్టుకునేటప్పుడు వాణ్ణి కాళ్ళ దగ్గర పడుకోబెట్టుకోండి గానీ, దారం ముక్కలు, సూదులు, హుక్కులు నేల మీద ఉండనివ్వకండి. మింగిన దారం పేగుల్ని ముడివేసి చంపేయగలదు, ఆ బ్లౌజు ముక్కతో పోయింది డబ్బులే, అదృష్టం. కత్తిరించగా మిగిలిన గట్టి కాటన్ పీలికలు మూడు పాయలుగా లావుగా అల్లి ఇస్తే లాగులాట ఆడుకోవచ్చు, మీరు ఎదురుగా ఉన్నప్పుడే, మెల్లగా, అయిపోగానే దాచేయండి. పగ్ కళ్ళు బయటికి ఉబ్బి ఉంటాయి, పుల్లలతో ఆడనివ్వకండి.

బయటికి అసలు తీసుకెళ్ళొద్దని నేను అనను. వాసనలు చూడటం వాడికి పేపర్ చదువుకోవడం లాంటిది. ఎండాకాలంలో తెల్లవారుజామునే వెళ్ళాలని అందరూ చెబుతారు, కానీ మీది చిరుతలు తిరిగే జిల్లా, కాలనీ అంచుల్లో పొదల పక్క చీకట్లో చిన్న కుక్కతో నడవడం మీకూ మంచిది కాదు. బాగా వెలుగొచ్చాక, నలుగురు తిరిగే సందులో పది నిమిషాలు. అరచేతి వెనుక భాగం రోడ్డు మీద ఏడు సెకన్లు పెట్టలేకపోతే ఆ రోజు వద్దు. మెడపట్టీ కాదు, ఛాతీకి వేసే పట్టీ కొనండి, ఒక్క దానికి మాత్రం డబ్బు పెట్టమంటాను, మెడ నొక్కుకుంటే వాడికి ఊపిరాడదు. ఎంత దూరం నడిచాడన్నది లెక్క పెట్టకండి, ఎక్కడ ఆగి వాసన చూస్తే అక్కడ ఆగనివ్వండి. మీ ఆయన ఏ షిఫ్టుకి వెళ్ళే వారం ఈ పని ఎవరిదో కేలెండర్ మీద రాసుకోండి, ఆయన చేసిన దానికి ఆయన లోలోపల బాధపడుతూ ఉండొచ్చు, ఈ నడక ఆయనకి అప్పజెప్పడం ఇద్దరికీ మంచిది. వానాకాలంలో ఇంటికి రాగానే చెవుల్లో, వేళ్ళ సందుల్లో గోమార్లు వెతకండి, ముఖం మడతలు పొడిగా తుడవండి.

ఇక నిర్ణయం. రెండో పగ్ ఆలోచన నాకు నచ్చలేదు. గోలూ ఏడుస్తున్నది మనుషుల కోసమైతే ఇంకో కుక్క ఆ లోటు తీర్చదు, మీకు రెండు గురకలు, రెండు ఆసుపత్రి ఖర్చులు. మంచిర్యాల ఆలోచన చెడ్డది కాదు, కానీ అడగాల్సినవి ఉన్నాయి. మరిది ఇంట్లో పగలు మనిషి ఉంటారా? వాళ్ళ రెండు కుక్కలూ పెద్దవైతే, పగ్ గురకని అవి గుర్రుమనడం అనుకుని మీద పడొచ్చు, ఒక్క దెబ్బకి కన్ను పోతుంది. అక్కడా ఇదే ఎండ, పెద్ద ఇల్లు అంటే కుక్కకి ఇంట్లో చోటా, వాకిట్లో చోటా? ఇచ్చేట్టయితే వానలు పడ్డాకే, ముందు నాలుగు రోజులు మీరు వెంట ఉండి చూసి. మేలో రైల్లో తీసుకెళ్ళకండి.

మీ అబ్బాయి విషయం. వాడు అలగడంలో ప్రేమ ఉంది, కానీ కుక్కని మీకు ఇచ్చి, నిర్ణయం మాత్రం తన దగ్గరే ఉంచుకోవడం సరికాదు. ఏప్రిల్‌లో జరిగింది వాడికి పూర్తిగా చెప్పారా? చాలామంది తల్లులు పిల్లలు దూరంలో బెంగపడతారని దాచేస్తారు. చెప్పండి. తర్వాత వాడి వంతు అడగండి, డాక్టరు ఖర్చులో కొంత, సెలవుల్లో వచ్చినప్పుడు పూర్తి బాధ్యత, ఛాతీ పట్టీ కొలత తీసి ఆర్డర్ పెట్టడం. వీడియో కాల్‌లో గొంతు విని గోలూ ఇల్లంతా వెతుక్కుంటూ ఏడిస్తే మాత్రం వాడి ముందు ఆ కాల్ చేయకండి. పంచుకోవడానికి మీ అబ్బాయి ఒప్పుకోకపోతే గోలూకి మంచి ఇల్లు చూసుకునే హక్కు మీకుంది, దానికి మీరు దోషిలా తల దించుకోనక్కర్లేదు.

నన్నడిగితే వానలు పడేదాకా మంచిర్యాల మాట పక్కన పెట్టి, వరండా నుంచి లోపలికి మార్చడం, డాక్టరు, ఇడ్లీ ప్లేటు, ఈ మూడూ ముందు మొదలుపెట్టండి. అప్పటికి ఆ వీడియోలో ఏం కనిపించిందో, బరువు ఎంత తగ్గిందో రాయండి, ఉంచుకోవాలా పంపాలా అన్నది ఆ రెండూ చూసి మాట్లాడుకుందాం. ఆ పట్టు బ్లౌజు లాంటివి ఇకనుంచి బీరువాలో పెట్టి తాళం వేసుకోండి.